చక్రం గొంతు

గుంతకల్లు జంక్షన్‌లో ముప్పై రెండేండ్లు
ఆగిన ప్రతి బండి పక్కన వంగి నడిచినోణ్ణి.
చేతిలో పొడుగు కాడ సుత్తి, జేబులో సుద్దముక్క.
చక్రానికో దెబ్బ.
ఖంగుమంటే పోనిచ్చేది.
మొద్దుగా పలికితే గీత గీసి, పెట్టెను సిక్ లైనుకు తోసేది.
అర్ధరాత్రి రెండింటికి
నిద్రపోయే జనం తలల కింద
నేనట్ల వాయించుకుంటా పోయింది
ఎవరికీ వినపడలే.

అందుకే డోరీన్ టీచరమ్మ కబురు పంపితే
నవ్వు రాలే నాకు.
"మద్దిలేటీ, నా కుడి చెవి పోయింది, ఎడమది పోతాంది.
నీ చెవి కావల్ల."

రైల్వే ఇన్‌స్టిట్యూట్ ఎనక గది.
పియానో ఉండాది గానీ బీరువా కిందే లెక్క.
మే నెల ఎండకు పలక చీలి,
లోపల ఎలుకలు సంసారం పెట్టి, పైన క్యారమ్స్ బోర్డులు.
ఆమె దగ్గిర రెండు క్యాసెట్లు. పేర్ల కాగితాలు చెదలు తినేసినాయి.
రెండిట్లోనూ ఒకటే పాట, అంది.
పాట కూడా కాదు, మాటే లేదు దాంట్లో.
ఎప్పుడో చలిదేశంలో ఒకాయన
దగ్గుతా దగ్గుతా రాత్రి గురించి రాసుకున్నదంట.
"ఇద్దరు వాయించినారు. ఎవరు మేలో చెప్పు."

మొదటిది పెట్టింది.
పదేండ్లకొకసారి హగరికి నీళ్లొస్తే
ఎట్ల పరిగెత్తుతాయో అట్ల.
ఒక్క మెట్టు తప్పలే.
ఎడమ చెయ్యి టైముకు పోయే ఇంజను,
కుడి చెయ్యి దానికి తగిలించిన పెట్టె.
కప్లింగు బిగువు.
"ఫిట్" అన్నా.

రెండోది.
ముందు గురగుర. టేపు పాతది కాబోలు.
ఎడమ చెయ్యి వచ్చేసింది, కుడిది రాలే.
ఔటర్ కాడ సిగ్నల్ కోసం నిలబడినట్ల,
అంతసేపు కాదులే, ఒక రెప్పపాటు.
ఆ రెప్పపాటులో నా గుండె జారింది.
వచ్చింది. వచ్చి, పైకెక్కే చోట,
మొదటాయన ఊపు పెంచిన చోట,
ఈయన మెల్లగైపోయినాడు,
మెట్ల మధ్యలో గోడ పట్టుకున్న ముసలోని మాదిరి.
ఇంకొక చోట తప్పు మెట్టు. దాపరికం లేని తప్పు.
దాన్ని సర్దుకోలే. తొక్కి దాటిపోయినాడు.

టీచరమ్మ చూపు నా ముఖం మీదే.
ఆమెకు అందేది డబ్బా వణుకు మాత్రమే,
టేప్‌రికార్డర్ మీద అరచెయ్యి ఆనించింది.

మల్లా పెట్టమన్నా. మల్లా ఇంకోసారి.
టీ చల్లారి మీగడ కట్టింది.
హుబ్లీ ప్యాసింజరు వచ్చి, కిటికీ అద్దాలు ఊపి, పోయింది.
మూడో తూరికి దొరికింది:
చిటికెన వేలు.
పైస్వరం మీదికి పోయేటప్పుడు ఆ వేలు
రవ్వంత పక్కకు పడతాది, గోరు తగిలినట్ల.
రెండిట్లోనూ.

ఒకటే చక్రం, టీచరమ్మా.
కొత్తల్లో ఒకటి, అరిగినాక ఒకటి.
లేతు మీదికెక్కి ఎక్కి అంచు పల్చనైతే
పలుకు మారుతాది, గొంతు మారదు.
ఇద్దరు కాదు. ఒకాయనే.

ఆమె ఒప్పుకోలే.
"ఇరవై ఏండ్లు విన్నాను, నాకు తెలీదా!"
వినపడనోళ్లు అరిచినట్ల అరిచింది.
తర్వాత ఏమనుకునిందో
రెండు క్యాసెట్లూ ఎత్తి ట్యూబులైటుకు పట్టి చూసింది.
అక్షరం మిగల్లే.
సాక్షి అంటే నా చెవి ఒక్కటే.

"సరే. ఏది మేలు?"

నా ఉద్యోగమంతా ఒకటే ప్రశ్న.
పగులుందా, లేదా.
తెల్లారేలోగా హొస్పేట దాకా పోతాదా, లేదా.
బాగుండావా అని ఏ చక్రాన్నీ అడగలే.

జేబులో చెయ్యి పెడితే సుద్దముక్క.
రిటైరై ఆరేండ్లు,
ఇంకా చొక్కాలో ఎవరు పెడతారో.
రెండోదాని డబ్బా మీద గీత గీయబోయినా.
సగం గీసి
"ఇంకోసారి వేయి" అన్నా.

ఆమె అరచెయ్యి ఆనించింది. పక్కన నేనూ.
ఎడమ చెయ్యి వచ్చింది.
కుడిది ఇంకా రాలే.